ఉక్కు పాఠం తెలుగులో చెప్పినందుకు

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికి వచ్చి, కాఫీ కలుపుకుని తీరిగ్గా పేపరు తిరగేస్తుంటే లోపలి పేజీలో ఒక వార్త కంటబడింది. ఇంజనీరింగు చదువు ఇకమీదట తెలుగులోనూ చెప్పవచ్చునట, అందుకు పుస్తకాలు కూడా సిద్ధమవుతున్నాయట, ఎవరో పెద్దమనిషి వేదిక మీద నిలబడి సొంత భాషలో చెబితేనే ఏ శాస్త్రమైనా బుర్రకెక్కుతుందని సెలవిచ్చారట, సభలోని వారంతా చప్పట్లు కొట్టారట. నాకు ముందు నవ్వొచ్చింది, ఆ నవ్వు పూర్తిగా ముగియకముందే కోపమొచ్చింది. నా ఈడు వాళ్ళు మీలో చాలామంది ఈ వార్త చదివి పేజీ తిప్పేసి ఉంటారు. నేను తిప్పలేకపోయాను, ఎందుకంటే సరిగ్గా ఆ పని చేసినందుకే ఒకప్పుడు నా ఉద్యోగం పోయింది. పోయిందని బాధపడుతూ చెప్పడం లేదు. మళ్ళీ ఆ రోజులు వస్తే మళ్ళీ అదే చేస్తానని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మేము రాంగోపాల్‌పేట్‌లో ఉండేవాళ్ళం. నాన్నగారు ఒంగోలు వైపు నుంచి వచ్చి సికింద్రాబాదులో ఒక మిషన్ బడిలో తెలుగు మాస్టారుగా చేరి ఇక్కడే స్థిరపడ్డారు. అమ్మ ఆసుపత్రిలో నర్సు. అన్నయ్యనూ నన్నూ మాత్రం, అప్పటి చాలామంది తల్లిదండ్రుల్లాగే, పట్టుబట్టి ఇంగ్లీషు బడికి పంపారు. ఇంట్లో నాన్నగారి చక్కని తెలుగు, కాన్వెంటు బడిలో మదర్ల గట్టి ఇంగ్లీషు, వీధిలో పాలవాడితోనూ రిక్షావాడితోనూ సగం ఉర్దూ, ఇలా పెరిగాను. లోహాల చదువు చదువుతానంటే బంధువులంతా వింతగా చూశారు గాని నాన్నగారు ఒక్క మాటా అడ్డు చెప్పలేదు. ఆ చదువు ముగిసిన కొత్తలో, ఎనభైల నాటి మాట, ఏ.ఎస్. రావు నగర్ దాటి ఇంకా లోపలికి వెళితే రాళ్ళ గుట్టల నడుమ కొత్తగా వెలిసిన ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. ఇప్పుడు అక్కడ ఇసుకేస్తే రాలనంత జనం. అప్పట్లో బస్సు దిగి నడుస్తుంటే చీర కుచ్చిళ్ళ నిండా ఎర్రదుమ్ము, దూరంగా రాళ్ళు కొట్టే చప్పుడు, అంతే.

మెకానికల్ విభాగంలో ఆడమనిషిని నేనొక్కదాన్నే కాబట్టి, ఎవరికీ అక్కర్లేని పాఠం నాకు అప్పగించారు. దాని పేరు మెటీరియల్స్ సైన్సు. రెండో ఏడాది పిల్లలందరికీ అది చెప్పాలి. సివిల్ వాళ్ళు అది మెకానికల్ వాళ్ళ గొడవ అనుకునేవాళ్ళు, మెకానికల్ వాళ్ళు యంత్రాలు వదిలి ఈ అణువుల గోలేమిటని విసుక్కునేవాళ్ళు, ఎలక్ట్రికల్ వాళ్ళకైతే అది ఏ లోకం నుంచి ఊడిపడిందో కూడా తెలిసేది కాదు. నాకు మాత్రం అది ప్రాణం. గాజు ఎందుకు పగులుతుంది, ఇనుము ఎందుకు వంగుతుంది, రాగి ఎందుకు తీగలా సాగుతుంది, ఎన్నో ఏళ్ళు బరువు మోసిన ఇరుసు ఒకనాడు ఏ హెచ్చరికా లేకుండా ఎందుకు తెగిపోతుంది, ఇవన్నీ తెలియకుండా ఒక మనిషి వంతెన కడతాడంటే, ఆ వంతెన మీద నేనైతే నడవను. ఈ మాట మొదటి క్లాసులోనే చెప్పాను, మంచి ఇంగ్లీషులో చెప్పాను. ముందు బెంచీలు నవ్వాయి, వెనక బెంచీలు నా ముఖం చూస్తూ కూర్చున్నాయి.

ఆ వెనక బెంచీల్లో కూర్చున్నవాళ్ళు జనగామ, సిద్దిపేట, నల్లగొండ వైపు ఊళ్ళ నుంచి తెలుగు మీడియంలో చదువుకుని, ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకులు తెచ్చుకుని వచ్చినవాళ్ళు. బుద్ధిమంతులు, ఒక్క క్లాసు ఎగ్గొట్టేవాళ్ళు కాదు, నేను చెప్పిందల్లా రాసుకునేవాళ్ళు. వాళ్ళ మౌనాన్ని వినయమనుకున్నాను. మొదటి పరీక్ష పేపర్లు దిద్దుతుంటే నా ఉత్సాహమంతా చల్లారిపోయింది. వెనక బెంచీల వాళ్ళందరూ పాఠ్యపుస్తకాన్ని అక్షరం పొల్లుపోకుండా దించారు. వాళ్ళలో జనగామ వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి, కింది బొమ్మలో చూపినట్టు అని రాసి, కింద బొమ్మేమీ గీయకుండా తర్వాతి వాక్యంలోకి వెళ్ళిపోయింది.

ఆ అమ్మాయిని పిలిపించాను. సన్నగా, నూనె రాసి బిగించిన జడతో వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. బొమ్మ సంగతి అడిగేలోపే తానే మాట తీసింది.

"మేడమ్, నేను ఇంటికి పోతున్న. చదువు బందువెడ్తున్న."

ఎందుకమ్మా అన్నాను.

"మీరు మంచిగనే చెప్తరు మేడమ్. మాకే సమజైతలేదు. అందరం బుక్కు బట్టీ కొట్టి రాసినం. గిట్ల ఎన్ని దినాలని రాస్తం? ఫెయిలయి పోయేదానికన్న ఇప్పుడే పోతె ఇజ్జత్ అన్న మిగుల్తది."

బల్ల మీద పడి ఉన్న ఒక తీగ ముక్కను ఆమె చేతికిచ్చి, దీన్ని ఇటూ అటూ వంచుతూ పోతే ఏమవుతుందో నీ మాటల్లో చెప్పు అన్నాను.

"ఇరుగుతది."

వెంటనే విరుగుతుందా అన్నాను. ఆమె నన్ను కాస్త జాలిగా చూసింది.

"యాడిరుగుతది మేడమ్? ఫస్టు మెత్తగనే ఒంగుతది. మల్లమల్ల ఒంచితె ఒంచిన కాడ గట్టివడ్తది. ఇగ ఒంగనంటది. అయినా ఒంచితె గప్పుడు పటుక్కుమంటది."

ముందు వారమంతా బోర్డు నిండా గీతలు గీసి నేను చెప్పిన పాఠం అదే. ఆమెకు తెలిసిన సంగతినే ఆమెకు తెలియని విషయంలా చేసి చెప్పానన్నమాట. రేపటి క్లాసు ఒక్కటి విని, ఆ తర్వాత పోవాలనిపిస్తే పొమ్మన్నాను. ఆమె నమ్మకం లేకుండానే తలూపింది.

మర్నాడు క్లాసులోకి వెళ్ళి, పుస్తకం మూసి పక్కన పెట్టి, తెలుగులో మొదలుపెట్టాను. ఆ క్షణం ఎంత వింతగా ఉండిందో చెప్పలేను, నా గొంతు నాకే కొత్తగా వినబడింది. సంక్రాంతికి చేసే సకినం చేతిలో పట్టుకుని వంచబోతే ఏమవుతుందని అడిగాను. వెనక నుంచి ఎవరో, పెళుసుగుంటది గదా మేడమ్, వంగకముందే ఇరుగుతది అన్నారు. పచ్చి వేపపుల్ల? వంగుతుంది, విరగదు. అయితే గట్టిగా ఉండి కూడా, ఎన్ని దెబ్బలు కొట్టినా పగలనిది ఏదైనా ఉందా అన్నాను. ఈసారి జవాబు కేకలా వచ్చింది.

"మటన్ దుకాణంల చింతమొద్దు మేడమ్! పొద్దుగాల్నుంచి కత్తితోని కొట్టినా పలగది. మొండిది!"

క్లాసంతా గొల్లున నవ్వింది, ముందు బెంచీలతో సహా. గట్టి, వంగనని మొరాయించే బిరుసు, పెళుసు, మొండి. ఈ నాలుగింటికీ ఇంగ్లీషులో నాలుగు మాటలున్నాయి, ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్లలు కూడా వాటిని ఒకదానికొకటి కలిపేసి పరీక్షల్లో తప్పులు రాస్తారు. గట్టిగా ఉన్నదల్లా మొండిది కాదు, గట్టిగా ఉన్నందువల్లే పెళుసైపోయేవి ఎన్నో ఉన్నాయి. ఈ తేడా ఆ పిల్లల నోట్లో పుట్టినప్పటి నుంచీ ఉంది. నేను చేయవలసిందల్లా ఒక్కో తెలుగు మాట పక్కన దాని ఇంగ్లీషు పేరు రాయడం. క్లాసు చివర చెప్పిందంతా మళ్ళీ ఇంగ్లీషులో చెప్పాను, ఆ తర్వాత ప్రతిరోజూ అలాగే చేశాను. ఇంగ్లీషు మీద నాకు పగేమీ లేదు, ఇప్పటికీ లేదు. అర్థం ముందు రావాలి, పేరు దాని వెనక రావాలి అన్నదే నా పట్టు. ఆ జనగామ అమ్మాయి ఇంటికి పోలేదు. పైగా క్లాసు అయ్యాక మెట్ల మీద ఆపి మరీ ప్రశ్నలడగడం మొదలుపెట్టింది.

పండుగలా సాగింది కొన్నాళ్ళు. తర్వాత ముందు బెంచీల తల్లిదండ్రుల్లో కొందరు ప్రిన్సిపాల్ గారిని కలిశారు. మా పిల్లల్ని ఇంజనీర్లను చేస్తారని పంపితే తెలుగు పాఠాలు చెబుతున్నారేమిటని వాళ్ళ అభ్యంతరం. ప్రిన్సిపాల్ గారు ఎక్కడో పెద్ద ఉద్యోగం చేసి రిటైరై వచ్చినవారు, చెడ్డవారని అనను, కాని కాలేజీ అంటే ఆయన దృష్టిలో ముందు బోర్డు, గేటు, క్రమశిక్షణ. నన్ను గదిలోకి పిలిచి కూర్చోమని కూడా అనలేదు.

"ఇది ఇంజనీరింగ్ కాలేజీ అమ్మా, ఎలిమెంటరీ స్కూల్ కాదు. కాన్వెంట్‌లో చదువుకున్న మీరే ఇలా చేస్తే ఎలా?"

నాకు ఇంగ్లీషు వచ్చు కాబట్టే సార్, అది రానివాళ్ళకు నా పాఠం ఎంత దూరంలో ఉందో ఇన్నాళ్ళూ కనపడలేదు అన్నాను.

"ఆ సంగతి మీకు అనవసరం. ఇక మీదట మీ క్లాసులోంచి తెలుగు వినపడకూడదు."

"వినపడుతుంది సార్."

ఆ మాట నా నోటి నుంచే వచ్చిందా అని నేనే ఆశ్చర్యపోయాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఇక వెళ్ళమన్నట్టు తలుపు వైపు చూశారు.

ఆ సాయంత్రం ఇంట్లో సంగతి చెప్పాను. అన్నయ్య ప్రభుత్వ రంగంలోని ఒక కర్మాగారంలో ఆఫీసు ఉద్యోగి, జాగ్రత్తపరుడు. నీకెందుకీ తలనొప్పి, వాళ్ళు చెప్పమన్నట్టు చెప్పి జీతం తీసుకో, పాసయ్యేవాడు అవుతాడు, కానివాడు కాడు అన్నాడు. అమ్మ నాకు ఇంకో చపాతీ వడ్డించింది. నాన్నగారు చెయ్యి కడుక్కుని వచ్చి, తుండుతో తుడుచుకుంటూ నిదానంగా చెప్పిన మాటలు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి.

"మా నాయనమ్మ పొలంలో కూలికి పోయే మనిషి. ఆమెకు అక్షరం నేర్పాలని అంతకుముందు ఎవరికీ తోచలేదు. సువార్త తెలుగులో ఉండబట్టి, దాన్ని చదవాలన్న పట్టుదలతో, ఆమె పెద్ద వయసులో అచ్చులూ హల్లులూ దిద్దింది. అది ఆమెకు రాని భాషలోనే ఉండి ఉంటే ఇవాళ నేను మాస్టార్ని కాను, నువ్వు మేడమ్‌వి కావు. ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం."

నాకు ఆ తర్వాత ఇంకెవరి అనుమతీ అక్కర్లేకపోయింది. మర్నాటి నుంచి క్లాసు తలుపులు బార్లా తెరిచి పాఠం చెప్పాను. ప్రిన్సిపాల్ గారు ఒకటి రెండుసార్లు వరండాలో నిలబడి విన్నారు. ఆయన నిలబడినప్పుడు నా గొంతు తగ్గలేదు, నిజం చెప్పాలంటే కొంచెం పెరిగేది. చివరికి నన్ను ఆ క్లాసు నుంచి తప్పించి, ఇంకొకరికి అప్పగించి, నాకు ప్రయోగశాల ఒక్కటే మిగిల్చారు. అక్కడ చెప్పేదేముంది, కొలతలు తీసుకోవడమే కదా అనుకున్నారు కాబోలు.

అదే వాళ్ళు చేసిన పొరపాటు. ప్రయోగశాలలో కొలిమిలాంటి ఒక చిన్న విద్యుత్ పొయ్యి, ఒక సూక్ష్మదర్శిని, గట్టితనం కొలిచే యంత్రం, బరువైన సుత్తిని ఊయలలా వదిలి లోహపు ముక్కను విరగ్గొట్టే యంత్రం ఉండేవి. బోర్డు మీద గీసి చూపించేదాన్ని చేత్తో చేసి చూపించవచ్చు. సుత్తి వచ్చి ముక్కను కొట్టినప్పుడు, విరిగిన చోటు చక్కెర పలుకుల్లా మెరుస్తుంటే ఇది పెళుసుగా విరిగింది, పీచుపీచుగా మసకబారి ఉంటే ఇది మొండిగా పోరాడి విరిగింది అని నేను చూపిస్తుంటే, పిల్లలు ఒకరి భుజాల మీంచి ఒకరు తొంగి చూసేవాళ్ళు. తమ వంతు కానివాళ్ళు కూడా వచ్చి గోడలకానుకుని నిలబడేవాళ్ళు. తల్లిదండ్రులు ఫిర్యాదు చేసిన ముందు బెంచీ అబ్బాయిల్లో ఒకడు కూడా వచ్చి, మేడమ్, క్లాసులో అర్థం కాలేదు, మళ్ళీ ఒకసారి తెలుగులో చెబుతారా అని మెల్లగా అడిగాడు. చెప్పాను.

ఏడాది చివర ప్రయోగ పరీక్ష వచ్చింది. బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి తమిళుడైన ఒక పెద్దాయన, కఠినుడని పేరు, తెలుగు ఒక్క ముక్క రాదు. ఆయన వస్తున్నారని తెలిసి ప్రిన్సిపాల్ గారు కూడా వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నా పిల్లలు ఎలా నోళ్ళు వెళ్ళబెడతారో చూడాలని వచ్చారని నాకనిపించింది. జనగామ అమ్మాయి వంతు వచ్చింది. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచిన ఉక్కును మళ్ళీ సన్నని సెగ మీద ఎందుకు వేడి చేస్తామని ఆయన ఇంగ్లీషులో అడిగారు. ఆ అమ్మాయి పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఆయన మళ్ళీ అడిగారు. ప్రిన్సిపాల్ గారు నా వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే. నేను నోరు విప్పబోతుంటే ఆ అమ్మాయే నా వైపు తిరిగింది.

"మేడమ్, జెర ఆ రెండు పట్టీలు తీస్కోవచ్చా?"

పక్క బల్ల మీద, ముందు రోజు మేము తయారు చేసిన రెండు సన్నని ఉక్కు పట్టీలున్నాయి. రెండింటినీ కాల్చి నీళ్ళలో ముంచాం, ఒకదాన్ని మాత్రం ఆ తర్వాత సన్నని సెగ మీద మళ్ళీ వేడి చేశాం. ఆమె మొదటి పట్టీని బల్లకున్న వైస్ ఇనుప దవడల మధ్య బిగించి, పైన గుడ్డ కప్పి, సుత్తితో ఒక్క దెబ్బ వేసింది. గాజులా ఫెళ్ళున విరిగింది.

"సార్, దిస్ ఓన్లీ వాటర్ సార్. వెరీ హార్డ్. బట్ నో మొండి, సార్."

"మొండి? వాట్ ఈజ్ మొండి?" అన్నారాయన.

ఆమె సుత్తి ఎత్తి గాల్లో ఊపుతూ చూపించింది.

"మొండి మీన్స్ సార్... బీటింగ్, బీటింగ్, బీటింగ్, స్టిల్ నాట్ బ్రేకింగ్. లైక్ మీ, సార్."

ఆ కఠినుడైన పెద్దాయన గట్టిగా నవ్వారు. ఆమె రెండో పట్టీని బిగించి కొట్టింది. అది వంగి, వణికి, తిరిగి నిటారుగా నిలబడింది. తర్వాత ఆయన వరసగా ప్రశ్నలు అడిగారు, ఆమె ముక్కలు ముక్కల ఇంగ్లీషులో, మధ్యమధ్య చేతులతో, ఒక్కోచోట తెలుగు మాటనే పెట్టేసి, అన్నింటికీ జవాబు చెప్పింది. ఒక్కటి కూడా బట్టీ పట్టిన వాక్యం కాదు. చివర ఆయన, మొండి అన్నదానికి ఇంగ్లీషులో టఫ్‌నెస్ అంటారమ్మా, రెండు మాటల్నీ మరిచిపోకు అని ఇంగ్లీషులో చెప్పి, నాకు నమస్కారం పెట్టి వెళ్ళారు.

కథల్లో అయితే ఇక్కడ ప్రిన్సిపాల్ గారు మారిపోవాలి. ఆయన మారలేదు. సెలవుల ముందు పిలిచి, వచ్చే ఏడాది ఉద్యోగం కొనసాగాలంటే ఇకపై పాఠం, ప్రయోగం రెండూ ఇంగ్లీషులో మాత్రమే చెబుతానని రాసివ్వమన్నారు. రాసివ్వను సార్ అన్నాను. అయితే మీ దారి మీరు చూసుకోండి అన్నారు. చూసుకుంటాను సార్ అని బయటికి వచ్చి, ఎర్రదుమ్ములో బస్సు కోసం నిలబడి, అప్పుడు మాత్రం కాసేపు ఏడ్చాను. అవమానంతో కాదు. ఆ సూక్ష్మదర్శిని నాది కాదే, దాన్ని వదిలి వెళ్ళాలే అని.

కొన్నాళ్ళు ఖాళీగా ఉండి, తర్వాత ఒక పాలిటెక్నిక్‌లో చేరి, రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాను. హోదా తక్కువ, జీతం తక్కువ అని అన్నయ్య చాలా కాలం గొణిగాడు. కాని అక్కడ ఏ భాషలో చెబుతున్నావని ఎవరూ అడగలేదు. జనగామ అమ్మాయి నా పరీక్ష పాసైంది, లెక్కల పరీక్ష తప్పింది, మళ్ళీ రాసింది, కాస్త ఆలస్యంగానే అయినా డిగ్రీ పట్టా చేతికి తెచ్చుకుంది. కుషాయిగూడ వైపు ఒక పోత పరిశ్రమలో నాణ్యత చూసే ఉద్యోగంలో చేరి, పనికిరాని సరుకును పనికిరాదని యజమాని ముఖం మీదే చెప్పే మనిషిగా పేరు తెచ్చుకుంది. ఇప్పుడు తనూ రిటైర్‌మెంట్‌కు దగ్గరపడింది. క్రిస్మస్ నాడు ఫోన్ చేస్తుంది, ఇంగ్లీషు ఇప్పుడు నాకంటే గడగడా మాట్లాడుతుంది, నాతో మాత్రం జనగామ తెలుగే.

కిందటి నెల మా అన్నయ్య మనవరాలు పుస్తకం పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. ఇంజనీరింగు రెండో ఏడు, అదే పాఠం. చురుకైన పిల్ల, ఇంగ్లీషులో పుట్టి పెరిగినట్టు మాట్లాడుతుంది. టఫ్‌నెస్ అంటే ఏమిటని అడిగితే నిర్వచనం ఎక్కడా తడబడకుండా అప్పజెప్పింది. మరి ఇంత గట్టి ఉక్కు అంత సులువుగా ఎందుకు విరిగిందని అడిగితే ఆగిపోయింది. నేను అలవాటుగా, పెళుసుదనం వల్లమ్మా అన్నాను.

"పెళుసు అంటే ఏంటి మామ్మా?"

నిజంగానే తెలియదు ఆ పిల్లకు. బిరుసు తెలియదు. మొండి అంటే అల్లరిపిల్లలు చేసేదనుకుంటోంది. తన తప్పేమీ లేదు, ఇంట్లో ఆ మాటలు వాడేవాళ్ళే లేకుండా పోయారు, బడిలో ఎప్పుడూ లేనే లేరు. నేనొక మాట అంటే పోటీపడి పది మాటలు విసిరే ఆ గదులు, మటన్ దుకాణం దాకా వెళ్ళి ఉపమానం తెచ్చే ఆ నోళ్ళు, అవన్నీ ఎటు పోయాయో ఒక్కసారిగా తెలిసివచ్చి, మనసు ఎలాగో అయిపోయింది. తెలుగులో చెప్పవద్దని నన్ను ఆపగలిగే మనిషి ఇవాళ ఎవరూ లేరు. తెలుగులో చెబితే వెనక నుంచి అందుకుని జవాబు చెప్పే గొంతులు కూడా లేవు.

అయినా ఊరుకోలేదు లెండి. పుస్తకం మూయించాను. ఇంకా ఫోనులో ఏదో వెతకబోతుంటే అది కూడా పక్కన పెట్టించి, నా ఎదురుగా కూర్చోబెట్టుకుని, సకినం వంచబోతే ఏమవుతుందన్న ఆ మొదటి ప్రశ్న నుంచి, తెలుగులోనే మొదలుపెట్టాను.